చేపకు నలత చేస్తే ముందు నీటిని పరీక్షించాలి

ప్రశ్న: కొత్త అక్వేరియంలో మొదటి వారమంతా హుషారుగా తిరిగిన చేపలు రెండో వారం నుంచి మూలకు చేరి, రెక్కలు ముడుచుకొని, ఒక్కొక్కటిగా చనిపోతున్నాయి. నీరు చాలా తేటగా ఉంది, మేతకు లోటు లేదు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: నీరు కంటికి తేటగా ఉన్నంత మాత్రాన అది చేప బతకడానికి తగినదని చెప్పలేము. చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విసర్జిస్తూ ఉంటాయి. తినగా మిగిలిన మేత, మలం కుళ్లినప్పుడు కూడా అదే అమ్మోనియా పుడుతుంది. అది రంగు లేనిది కాబట్టి ఎంత చేరినా నీటి తేటదనం చెడదు. చెరువులోనో నదిలోనో ఆ విషం అపారమైన నీటిలో కలిసి పలచబడుతుంది గాని, 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న సాధారణ తొట్టెలో పట్టేది 54 లీటర్లే కనుక అక్కడ అది రోజురోజుకూ పేరుకుంటుంది. దానిని హరించే పని బాక్టీరియాది. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రోస్పైరా అనే మరొక ప్రజాతి ఆ నైట్రైట్‌ను, చేపలకు హాని బాగా తక్కువైన నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ క్రమాన్నే నత్రజని చక్రం అంటారు. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండడం తక్కువ. ఫిల్టరు స్పాంజికి, గులకరాళ్లకు అంటుకొని చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి, కొత్త తొట్టెలో చక్రం పూర్తిగా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టె కొన్న రోజునే పది చేపలను వదిలితే, వాటి వ్యర్థాలను హరించే జీవులు అక్కడ ఇంకా పుట్టి ఉండవు.

మొదట పెరిగేది అమ్మోనియా. అది మొప్పలను కాల్చి, చేపకు ఊపిరి అందకుండా చేస్తుంది. ఆ తరువాత పెరిగే నైట్రైట్ రక్తంలోకి చేరి, ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆ పనికి పనికిరాని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. అందువల్ల నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరి అవుతుంది, ఎర్రగా ఉండవలసిన మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇందులో నీటి ఆమ్ల, క్షార గుణాలను తెలిపే పీహెచ్ విలువకు పెద్ద పాత్ర ఉంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో సుమారు 0.6 శాతమే విషరూపంలో ఉంటుంది, మిగిలినదంతా హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే ఆ విషభాగం సుమారు 5 శాతానికి పెరుగుతుంది. తెలుగు ప్రాంతాల్లో చాలాచోట్ల బోరు నీరు క్షారగుణం గల కఠినజలం కనుక, పుస్తకాల్లో కనిపించే సాధారణ హెచ్చరికలకన్నా ఇక్కడి కొత్త పెంపకందారు ఎక్కువ జాగ్రత్త పడవలసి ఉంటుంది.

తక్షణం చేయవలసింది మందు వేయడం కాదు, కొలవడం. చుక్కలు వేసి రంగును బట్టి చూసే పరీక్షా కిట్లు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. చక్రం కుదిరిన తొట్టెలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాలి. చూపకపోతే ప్రతిరోజూ నీటిలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు తీసి, క్లోరిన్ తొలగించిన, అదే వేడి గల నీటిని పోస్తూ ఉండాలి. ఒకటి రెండు రోజులు మేత పూర్తిగా ఆపవచ్చు. ఎదిగిన చేప అంతకన్నా ఎక్కువ రోజులే పస్తు తట్టుకుంటుంది, తినని చేపకు వేసిన మేత మాత్రం మళ్లీ అమ్మోనియాగా తిరిగి వస్తుంది. నైట్రైట్ కనిపించినప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున గళ్లుప్పు కరిగించి పోస్తే మేలు జరుగుతుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడు మొప్పల వద్ద నైట్రైట్‌తో పోటీపడి దానిని లోపలికి పోనివ్వదు. పరిచయస్తుల ఇంట్లో చాలాకాలంగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉంటే, అందులోని ఫిల్టరు స్పాంజి ముక్కను తడి ఆరకుండా తెచ్చి కొత్త ఫిల్టరులో పెట్టడం అన్నిటికన్నా మంచి ఉపాయం. వారాల తరబడి పట్టే నిరీక్షణ దానితో బాగా తగ్గుతుంది.

ప్రశ్న: వారానికోసారి నీరంతా పారబోసి, రాళ్లను, ఫిల్టరును కుళాయి కింద శుభ్రంగా కడిగి, తాగే ఆర్‌ఓ నీటితో నింపుతున్నప్పటికీ చేపలు నిలవడం లేదు. ఇంకా ఏం చేయాలి?

జవాబు: ఇంకా చేయవలసింది ఏమీ లేదు, చేస్తున్నదానిలో చాలా భాగం మానుకోవాలి. చేపల మీద ప్రేమతో చేసే ఈ శుభ్రతే కొత్తవారి తొట్టెల్లో అత్యధిక నష్టానికి మూలం, కాబట్టి ఈ ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పడం అవసరం. క్రిములను చంపడానికి నగరాల నీటిలో కలిపే క్లోరిన్, స్పాంజిలో వారాల తరబడి పెరిగిన మేలు చేసే బాక్టీరియాను కూడా చంపుతుంది. దానితో నత్రజని చక్రం ప్రతి వారం మొదటికి వస్తుంది. ఫిల్టరులో నీటి ప్రవాహం మందగించినప్పుడు మాత్రమే స్పాంజిని, తొట్టెలో నుంచి తీసిన పాత నీటిలో రెండు మూడు సార్లు పిండితే చాలు. రాళ్ల మధ్య పేరుకున్న మురికిని సైఫన్ గొట్టంతో కొంత కొంతగా పీల్చి తీయాలి.

ఆర్‌ఓ నీటి చిక్కు వేరు. ఆ యంత్రం లవణాలను దాదాపు పూర్తిగా తొలగించడంతో, ఆమ్లాన్ని తట్టుకొని పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్లు కూడా పోతాయి. బాక్టీరియా అమ్మోనియాను మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది. దానిని ఆపే లవణాలు లేని నీటిలో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. పైగా చేప శరీరంలోని లవణాలకూ బయటి నీటిలోని లవణాలకూ ఉండే తేడా ఒక్కసారిగా మారినప్పుడు, ఆ సమతూకాన్ని నిలుపుకోవడానికే దాని శక్తి ఖర్చవుతుంది. బోరు నీరు మరీ కఠినంగా ఉన్నచోట కొంత ఆర్‌ఓ నీటిని కలిపి వాడుకోవచ్చు గాని, ఆ నిష్పత్తిని ప్రతిసారీ ఒకేలా ఉంచాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించడానికి దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరిట అమ్మే చుక్కల మందులో సాధారణంగా ఉండేది సోడియం థయోసల్ఫేట్, అంటే ఫొటోలు కడిగేవారు హైపో అని పిలిచిన పదార్థమే. ఒక రోజంతా వెడల్పాటి పాత్రలో ఎయిర్ పంపు పెట్టి ఉంచినా క్లోరిన్ పోతుంది. క్లోరిన్‌ను అమ్మోనియాతో కలిపి తయారుచేసే క్లోరమీన్ మాత్రం అలా పోదు.

చాలాకాలం నీరు మార్చని తొట్టె సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అందులో పీహెచ్ పడిపోయి అమ్మోనియా హాని తక్కువైన రూపంలో నిలిచి ఉంటుంది. అటువంటి దానిలో సగానికి పైగా క్షారగుణం గల బోరు నీటిని ఒక్కసారిగా పోస్తే, అదే అమ్మోనియా విషరూపంలోకి మారి, అంతవరకు బతికి ఉన్న చేపలు మార్పు జరిగిన గంటల్లోనే చనిపోవచ్చు. అటువంటి తొట్టెలో రోజుకు పదో వంతు చొప్పున మార్చుతూ రావడమే క్షేమం.

ప్రశ్న: చేపల ఒంటిమీద, రెక్కల మీద తెల్లని ఉప్పు రవ్వల్లాంటి చుక్కలు వచ్చాయి. మందు వేసిన రెండు రోజులకు తగ్గి మళ్లీ వచ్చాయి. మందు మార్చాలా?

జవాబు: ఇది తెల్లమచ్చల వ్యాధి, ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. చేప చర్మం కింద పెరిగేటప్పుడు అది తెల్లచుక్కగా కనిపిస్తుంది. ఎదిగిన తరువాత చేపను విడిచి అడుగుకు చేరి, గట్టి పొరను కప్పుకొని, లోపల వందలాది పిల్లకణాలుగా విడిపోతుంది. అవి బయటికి వచ్చి ఈదుతూ కొత్త చేపను వెతుక్కుంటాయి. మందులు పనిచేసేది ఈదుతున్న ఈ చివరి దశ మీదనే. కాబట్టి రెండు రోజులకు చుక్కలు పోవడం మందు ప్రభావం కాదు, పరాన్నజీవి అడుగుకు దిగిందనడానికి గుర్తు. మందు మార్చనక్కరలేదు, చుక్కలు పోయిన తరువాత కూడా కనీసం మరొక వారం చికిత్స కొనసాగించాలి. నీటి వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 డిగ్రీల వరకు పెంచితే పరాన్నజీవి జీవితచక్రం వేగవంతమై, మందుకు త్వరగా చిక్కుతుంది. అయితే వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కనుక ఎయిర్ పంపు నిరంతరం నడవాలి, చల్లని నీటి చేప అయిన గోల్డ్ ఫిష్ ఉన్నచోట ఈ పద్ధతిని వాడకపోవడమే మంచిది. ఈ వ్యాధికి వాడే మందుల్లో మిథిలీన్ బ్లూ మేలు చేసే బాక్టీరియాకు హాని చేస్తుంది కాబట్టి దానిని వేరే పాత్రలోనే వాడాలి. మాలకైట్ గ్రీన్ విషపదార్థం. తినే చేపల పెంపకంలో దానిపై నిషేధం ఉంది. వాడవలసి వస్తే చేతికి తొడుగు వేసుకోవాలి.

వ్యాధి ఎక్కువగా కొత్త చేపలతోనే వస్తుంది. కొని తెచ్చిన చేపలను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించాలి. సంచిని విప్పకుండా పావుగంట తొట్టె నీటిలో తేలనిచ్చి, ఆపై వలతో చేపను మాత్రమే వదలాలి, సంచి నీటిని పోయకూడదు.

ప్రశ్న: వేసవిలో తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, పొద్దెక్కాక సర్దుకుంటున్నాయి. ఇది వ్యాధేనా?

జవాబు: వ్యాధి కాదు, ఆక్సిజన్ లోటు. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. అదే వేడిలో చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటిమొక్కలు, నాచు రాత్రంతా దానిని తామే వాడుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి లోటు పరాకాష్ఠకు చేరుతుంది. కొల్లేరు పరిసరాల చేపల చెరువుల రైతులు ఆ వేళకే ఏరేటర్లు తిప్పడానికి కారణం కూడా ఇదే. ఇంట్లోనైతే ఎయిర్ పంపును రాత్రివేళ ఆపకూడదు. తొట్టెలో చేపల సంఖ్యను, సాయంత్రపు మేతను తగ్గించాలి. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఈ ఉపాయం పొడిగాలి గల హైదరాబాదులో బాగా పనిచేస్తుంది, ఉక్కపోత ఉండే విశాఖపట్నం, విజయవాడల్లో ఫలితం తక్కువ. ఆవిరైన నీటి స్థానంలో మాత్రం ఆర్‌ఓ నీరే పోయడం సరైనది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గాని లవణాలు కావు. మంచుగడ్డలను నేరుగా వేయకూడదు. కరెంటు పోయే ప్రాంతాల్లో బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

ప్రశ్న: గోల్డ్ ఫిష్‌ను గాజు గిన్నెలో పెంచవచ్చా?

జవాబు: పెంచకూడదు. సాధారణ గోల్డ్ ఫిష్ 20 సెంటీమీటర్లు దాటి పెరిగే, పదేళ్లకు మించి బతకగల చేప. అది విసర్జించే వ్యర్థం కూడా ఎక్కువ. గిన్నెలో అది పెరగకపోవడం గిన్నెకు సర్దుకుపోవడం కాదు, కుంగిపోవడం. ఉపరితలం నుంచి గాలి పీల్చగల ఫైటర్ చేపకు కూడా వేడి నిలకడగా ఉండే, ఫిల్టరు గల 20 లీటర్ల తొట్టె ఇవ్వడం న్యాయం.

ప్రశ్న: ఇక పెంచలేమనుకున్న చేపలను ఊరి చెరువులో వదలడం మంచిదేనా?

జవాబు: వాటిని బతికించాలన్న దయతో చేసే పనే అయినా, అది చెరువుకు హాని. తొట్టె అద్దాలను శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికా నుంచి వచ్చినది. తొట్టెకు మించి పెరిగాక బయట వదిలేసినవాటి సంతతి నేడు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప పేరుతో వ్యాపించి, గట్టి ముళ్ల పొలుసులతో జాలర్ల వలలను చించుతోంది, గట్లలో బొరియలు తవ్వుతోంది, దేశీయ చేపల ఆహారానికి పోటీ వస్తోంది. తొట్టెలోని వ్యాధులు కూడా నీటితోపాటు అక్కడికి చేరతాయి. దుకాణదారునికి తిరిగి ఇవ్వడం, పెద్ద తొట్టె ఉన్నవారికి అప్పగించడం సరైన మార్గాలు. చనిపోయిన చేపను కాలువలో పారేయకుండా మట్టిలో పూడ్చాలి; అది ఉన్న తొట్టెలో వాడిన వలను, గొట్టాన్ని వేరే తొట్టెలో ముంచే ముందు కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి.