హాలుకు ఏ రిసీవరు? - వాట్లు, డెసిబెల్లు, ప్రతిధ్వని

మన హాస్టల్ హాలులో పెద్ద టీవీ ఉంది గాని, దాని మాట నాలుగో వరుస దాటి వినిపించదు. వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని "హోమ్ థియేటర్" కొనిద్దామని అన్నప్పుడు, భౌతికశాస్త్రం చదివినవాళ్ళం కదా అని ఏది కొనాలో మమ్మల్ని అడిగారు. చందా ఇచ్చేవాళ్ళలో మొదటి జీతం అందుకున్నవారూ ఉన్నారు, ఇంకా ఉద్యోగం వెతుక్కుంటున్నవారూ ఉన్నారు. అందుచేత ఒక్క రూపాయి కూడా ఊరికే పోకూడదు. తమ్ముళ్ళకు పదో తరగతిలో, ఇంటర్‌లో పనికివచ్చే పాఠం కూడా ఇందులో ఉంది కనుక వ్యాసంగా రాస్తున్నాం.

ముందుగా రిసీవరు అంటే ఏమిటి? టీవీ నుంచి, డిస్క్ ప్లేయర్ నుంచి వచ్చే ధ్వని సంకేతాన్ని విడదీసి, ఏ స్పీకరుకు ఏది వెళ్ళాలో నిర్ణయించి, ఒక్కోదానిని పెద్దది చేసి పంపే పెట్టె. 5.1 అంటే ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు, బరువైన ధ్వనికి ఒక సబ్ వూఫరు. ఈ పద్ధతిని డాల్బీ డిజిటల్ పేరుతో 1992లో "బ్యాట్‌మన్ రిటర్న్స్" సినిమాతో థియేటర్లకు తెచ్చారు. పైకప్పు నుంచి కూడా ధ్వని వచ్చే డాల్బీ అట్మాస్ 2012లో "బ్రేవ్" సినిమాతో వచ్చింది.

మా పరిశీలనకు రెండు నమూనాలు తీసుకున్నాం. ఒకటి 2020లో వచ్చిన యమహా ఆర్ఎక్స్-వి4ఏ. రెండవది 2021లో వచ్చిన డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్. యమహాకు 5 చానెళ్ళు, డెనాన్‌కు 7. యమహాకు అట్మాస్ లేదు, డెనాన్‌కు ఉంది. హెచ్‌డీఎంఐ తీగ పెట్టే రంధ్రాలు యమహాకు 4, డెనాన్‌కు 6. మనకున్నది ఒక టీవీ, ఒక లాప్‌టాప్. కాబట్టి ఈ 4, 6 తేడా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. టీవీ ధ్వని ఒకే తీగ ద్వారా వెనక్కి వచ్చే ఈ-ఆర్క్ సౌకర్యం రెండింటికీ ఉంది.

అసలు తికమక అంతా వాట్ల దగ్గరే. బజారులో "1000 వాట్స్ పీఎంపీఓ" అని రాసిన చిన్న పెట్టెలను మనమందరం చూశాం. ఆ అంకెకు కట్టుబడిన కొలత పద్ధతి ఏదీ లేదు. క్షణంలో వెయ్యోవంతు సేపు రాగల శక్తిని ఊహించి రాసుకున్నా అడిగేవాడు లేడు. నిజమైన కొలతకు నాలుగు షరతులు ఉండాలి: ఎన్ని ఓముల స్పీకరు మీద, ఏ పౌనఃపున్యాల మధ్య, ఎంత వక్రీకరణతో, ఒకేసారి ఎన్ని చానెళ్ళు పనిచేస్తుండగా. అమెరికాలో దీనికి 1974 నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది. 2024లో దానిని సవరించి 8 ఓములు, 20 నుంచి 20,000 హెర్ట్‌జ్‌లు, 1 శాతం కంటే తక్కువ వక్రీకరణ అని ఖరారు చేశారు.

ఈ కొలతతో చూస్తే మన రెండు పెట్టెలూ అన్నదమ్ములే. యమహా 80 వాట్లు, డెనాన్ 80 వాట్లు, రెండూ 8 ఓముల మీదే, రెండేసి చానెళ్ళు నడుస్తుండగానే. వక్రీకరణ ఒకదానికి 0.06 శాతం, మరొకదానికి 0.08 శాతం. ఈ తేడాను మన చెవి పట్టలేదు. అయితే ఇలాంటి పెట్టెల మీదే వేరొకచోట ఇంకా పెద్ద అంకెలు కనిపిస్తాయి. అవి 6 ఓముల మీద, 1000 హెర్ట్‌జ్‌ల వద్ద, ఒకే చానెల్ నడుస్తుండగా తీసినవి. సామర్థ్యం అంటే వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించగా వచ్చేది. అదే వోల్టేజికి 8 బదులు 6 ఓములు పెడితే, పెట్టె మారకుండానే కాగితం మీద 33 శాతం పెరుగుతుంది! అలాగే 7 చానెళ్ళు గనుక 80ని 7తో గుణించి 560 అనుకోకూడదు. లోపల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, అన్ని చానెళ్ళూ దానినే పంచుకోవాలి.

మరి 80 వాట్లు మన హాలుకు చాలుతాయా? లెక్క వేద్దాం. మామూలు స్పీకరు 1 వాటుకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్లు ఇస్తుందనుకోండి. వాట్లు రెట్టింపయిన ప్రతిసారీ 3 డెసిబెల్లు పెరుగుతాయి. 1 నుంచి 64కు ఆరు రెట్టింపులు, అంటే 18. ఇంకాస్త కలిపితే 80 వాట్లకు 19. మొత్తం 106. దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్లు తగ్గుతాయి. 8 మీటర్ల దూరానికి మూడు రెట్టింపులు, 18 పోయాయి. మిగిలింది 88. మనం ఎదురెదురుగా మాట్లాడుకునే మాట సుమారు 60. కాబట్టి వెనుక కూర్చున్న మూడో తరగతి పిల్లవాడికి కూడా మాట అందుతుంది. థియేటర్ గర్జన మాత్రం రాదు, మనకు అక్కరలేదు కూడా.

ఇంకా 3 డెసిబెల్లు కావాలంటే రెండు దారులున్నాయి. 160 వాట్ల రిసీవరు కొనడం ఒకటి, 87 బదులు 90 డెసిబెల్ల స్పీకరు కొనడం మరొకటి. ఫలితం ఒకటే. చెవికి రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి. దానికి 800 వాట్లు కావాలి. కొట్టువాడు వాట్లు చూపించినప్పుడు మనం స్పీకరు వెనుక రాసి ఉన్న డెసిబెల్ల అంకె చూడాలన్నది అందుకే.

ఇక ఏ కరపత్రంలోనూ ఉండని విషయం ఒకటుంది, అది మన హాలే. 1890ల చివర హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదంటే, వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించి, అవి పెరిగేకొద్దీ ప్రతిధ్వని ఎంత తగ్గుతున్నదో కొలిచాడు. ఆయన సూత్రం ప్రకారం, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, ధ్వనిని పీల్చే వైశాల్యంతో భాగిస్తే ధ్వని అణగడానికి పట్టే సెకన్లు వస్తాయి.

మన హాలు సుమారు 12 మీటర్ల పొడవు, 8 వెడల్పు, 4 ఎత్తు, అంటే 384 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 352 చదరపు మీటర్లు. సిమెంటు నూటికి 3 వంతులే పీలుస్తుందనుకుంటే 11. తెరిచిన ఆరు కిటికీలు 9. మొత్తం 20. అప్పుడు వచ్చేది 3.1 సెకన్లు! ఒక మాట చావకముందే పది మాటలు వచ్చిపడతాయి. మనిషికి 0.4 చొప్పున 60 మంది కూర్చుంటే 24 చేరి 1.4 సెకన్లకు దిగుతుంది. వెనుక గోడ మీద 24 చదరపు మీటర్ల మందపాటి తెర కడితే, దానికి సగం లెక్కన 12 చేరి 1.1 అవుతుంది. మాట స్పష్టతకు ఒక సెకను దగ్గరగా ఉండాలి. తెరకు బదులు స్టోర్‌రూములో ఉన్న పాత జంపఖానాలు వేలాడదీసినా మేలే. రెండు రిసీవర్లతోనూ గదిని కొలిచే మైకు వస్తుంది. అది స్పీకర్ల దూరాన్నీ స్థాయినీ సర్దుతుంది గాని, సిమెంటు గోడను మెత్తన చేయలేదు.

కాబట్టి మా ఓటు ఐదు చానెళ్ళ యమహా రకానికే. డెనాన్ తక్కువదని కాదు. చిన్న గది, తక్కువ ఎత్తు కప్పు, నలుగురు మనుషులు ఉన్న ఇంట్లో మేమయినా అదే కొనేవాళ్ళం. మన హాలులో 60 మందికి పైకప్పు స్పీకర్లు రెండు ఎక్కడ పెట్టినా పది మందికి మించి ఆ అనుభవం దక్కదు. రెండు చానెళ్ళకు పెట్టే డబ్బు ముందు మధ్య స్పీకరుకు పెడదాం. సినిమాలో సంభాషణ ఎక్కువగా వచ్చేది దాని నుంచే.

ఒక హెచ్చరిక. ఈ రెండింటిలో దేనికీ ఉపన్యాసం చెప్పే మైకు నేరుగా తగిలించలేం. ముందున్న మైకు రంధ్రం గది కొలవడానికే. ఆగస్టు 15కి, అంబేద్కర్ జయంతికి మన పాత మైకుసెట్టు ఉండవలసిందే. దానిని అమ్మి ఇందులో కలుపుదామన్న సూచనను మేము ఒప్పుకోవడం లేదు.

తీగ విషయంలో కూడా పొదుపు చేయవద్దు. స్పీకరు 12 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 24 మీటర్లు. కాలింగ్ బెల్లుకు వాడే 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే నిరోధం 0.8 ఓము దాటుతుంది, 8 ఓముల స్పీకరుకు అది పదో వంతు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 0.17 ఓము మాత్రమే. కొనేముందు హాలు ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలని వార్డెన్ గారిని కోరుతున్నాం.