ఇద్దరు కుమార్తెల పేర్లు

ఫిన్లాండు దేశస్థుడైన మైకేల్ విడేనియస్ తన సహచరులతో కలిసి నిర్మించిన ‘మైఎస్‌క్యూఎల్’ డేటాబేస్ 1995లో వెలువడింది. ఆ పేరులోని మొదటి భాగం ఆయన పెద్ద కుమార్తె పేరు. 2008లో సన్ సంస్థ దానిని సుమారు వంద కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి సంవత్సరమే సన్‌ను కొనబోతున్నట్లు ఒరాకిల్ ప్రకటించింది. ఒరాకిల్ కూడా డేటాబేస్‌ల వ్యాపారమే చేస్తున్నందున, తన సృష్టి ఏమవుతుందోనని విడేనియస్ కలవరపడ్డాడు.

అమ్మినదానిపై అమ్మినవానికి హక్కు ఏముంటుంది? అయితే దాని సోర్స్‌కోడ్ స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడింది. దానిని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఆ హక్కుతోనే ఆయన 2009లో మరొక శాఖను ప్రారంభించి, చిన్న కుమార్తె పేరిట ‘మరియాడీబీ’ అని నామకరణం చేశాడు.

‘ఫ్రీ’ అంటే ఉచితంగా పోసే బీరు కాదు, స్వేచ్ఛ అని రిచర్డ్ స్టాల్మన్ వివరించాడు. ఆంగ్లంలో ఆ రెంటికీ ఒకే మాట. తెలుగులో రెండు మాటలున్నాయి. ఉచిత భోజనం ఒక పూట ఆకలి తీర్చుతుంది. వంట నేర్చుకొనే హక్కు తరతరాలను పోషిస్తుంది.