శాంపిల్ సైజ్ అడిగే పద్ధతి

తమ్ముడికి,

స్టాటిస్టిక్స్ సార్‌కి రాసిన మెయిల్ పంపేముందు నాకు చూపించి మంచి పని చేశావు. "రెస్పెక్టెడ్ సార్, నా థీసిస్‌కి శాంపిల్ సైజ్ ఎంత కావాలో అర్జెంటుగా చెప్పగలరు" అన్నావు. మర్యాదకు లోటేమీ లేదు. కానీ దీనికి ఆయన జవాబు చెప్పలేరు. నాకూ ఇలాంటివి వస్తూనే ఉంటాయి గనక చెబుతున్నా.

మీరంతా వాడే సూత్రమే చూడు, 4పీక్యూ/ఎల్². పీ అంటే జబ్బు ఉన్నవాళ్ల శాతం, క్యూ లేనివాళ్ల శాతం, ఎల్ నువ్వు ఒప్పుకునే తేడా. రక్తహీనత నూటికి 20 మందిలో ఉందనుకుని, అటూ ఇటూ 5 శాతం తేడాకి (ఇదే ఆబ్సొల్యూట్ ఎర్రర్) ఒప్పుకుంటే 256 మంది చాలు. ఆ 20లో 20 శాతం, అంటే 4 మాత్రమే తేడా ఉండాలంటే 400 మంది కావాలి. రెండు పద్ధతులూ ప్రొటోకాల్స్‌లో కనిపిస్తాయి. ఏది కావాలో తేల్చుకోవాల్సింది నువ్వూ, మీ గైడూ. ఆ 20 ఏ స్టడీలోంచి తీశావో, అది ఎవరి మీద చేసిందో కూడా రాయకపోతే ఆయన తిరిగి నాలుగు ప్రశ్నలు పంపాలి. నువ్వు డ్యూటీల్లో పడి మూడు రోజులకు బదులిస్తావు. ఇంక అర్జెంటు ఎక్కడిది?

అందుకని ఏ జబ్బు, ఎవరిలో, ఏం కొలుస్తున్నావో ముందు రెండు వాక్యాల్లో చెప్పు. "ఇలా లెక్కవేశాను, 256 వచ్చింది, ఆబ్సొల్యూట్ ఎర్రర్ తీసుకోవచ్చా?" అని అడుగు. లెక్క తప్పినా ఫరవాలేదు, దిద్దడం తేలిక.

డేటా పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త. ఒక గడిలో "ఎం", పక్కదాంట్లో "మేల్", ఆ కింద "1" ఉన్న షీట్లు చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. బీపీని 140/90 అని ఒకే గడిలో రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని అంకెగా తీసుకోదు. సిస్టాలిక్‌కి ఒక కాలమ్, డయాస్టాలిక్‌కి ఒకటి పెట్టు. పరీక్ష చేయనిచోట సున్నా వేయకు, ఖాళీగా వదిలెయ్. హిమోగ్లోబిన్ సున్నా ఉన్న మనిషి మీ వార్డులో ఉండడు గానీ, సగటు తీసే కంప్యూటర్‌కి ఆ సంగతి తెలీదు. రోగుల పేర్లూ, ఫోన్ నంబర్లూ, ఇన్‌పేషెంట్ (ఐపీ) నంబర్లూ తీసేసే పంపు. ఎథిక్స్ కమిటీకి మాటిచ్చావు కదా.

"పీ విలువ 0.05 లోపు వచ్చేలా చూడండి సార్" అని మాత్రం ఎప్పుడూ అడగకు. నాకైతే ఆ మాట కనబడగానే మెయిల్ మూసేయాలనిపిస్తుంది.

డేటా అంతా వచ్చాక స్టాటిస్టిషియన్‌ని చూద్దాంలే అని మీ గైడ్ అన్నారట. 1938లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ కాంగ్రెస్‌లో మాట్లాడుతూ స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ ఈ అలవాటునే ఎత్తిపొడిచాడు. ప్రయోగం అయిపోయాక వచ్చి అడగడమంటే పోస్టుమార్టం చేయించడమేనని, అది ఎందుకు చచ్చిందో చెప్పగలరేమో గానీ అంతకు మించి లేదని ఆయన భావం. ఇది మీ గైడ్ దగ్గర అనకు, నీకింకా రెండేళ్లు ఆవిడతో పని ఉంది. ప్రొటోకాల్ అప్పుడే అడుగుతానని చెప్పు, చాలు.

అదే ప్రశ్న ఇంకో ఇద్దరికి పంపితే ఆ సంగతి మీ స్టాటిస్టిక్స్ సార్‌కి చెప్పు. జవాబొచ్చాక థాంక్స్‌తో ఆగిపోకుండా, చివరికి ఏ సంఖ్య తీసుకున్నారో కూడా రాయి. పని పెరిగి అనాలిసిస్ మొత్తం ఆయన మీదే పడేలా ఉంటే, పేపర్లో ఆయన పేరు రచయితల్లో ఉండాలా, కృతజ్ఞతల్లోనా అనేది మొదట్లోనే మాట్లాడుకోండి. తర్వాత అడగడం ఇద్దరికీ ఇబ్బందే.

పిన్నిని అడిగానని చెప్పు.

అక్క