పురుషుల్లో మూత్రమార్గ సంకోచం: కోత లేని చికిత్స ఎవరికి, ఎంతవరకు?

మూత్రం సన్నని ధారగా రావడం, ధార రెండుగా చీలడం, ముక్కితే తప్ప రాకపోవడం, ఇంకా మిగిలిందన్న భావన కలగడం: వీటిని చాలామంది పురుషులు ‘వేడి చేసింది’ అని సరిపెట్టుకుంటారు, సిగ్గుతో ఇంట్లోనూ చెప్పరు. పెద్దవయసులో ప్రోస్టేట్ గ్రంథి వాపు ఇందుకు కారణం కావచ్చు. యువకుల్లో, నడివయసువారిలో మాత్రం మూత్రమార్గ సంకోచాన్ని కూడా అనుమానించాలి. ఆసుపత్రుల్లో దీనిని ‘స్ట్రిక్చర్’ అంటారు.

కారణాలు

పురుషుల మూత్రమార్గం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. అందులో గాయమైన చోట మచ్చ కట్టి, దారి ఇరుకవుతుంది. ఎత్తు నుంచి జారి కాళ్ల నడుమ దెబ్బ తగలడం, రోడ్డు ప్రమాదంలో కటి ఎముక విరగడం, మూత్రపు గొట్టం వేసినప్పటి రాపిడి, ప్రోస్టేట్ శస్త్రచికిత్స, గనేరియా వంటి అంటువ్యాధులు ఇందుకు దారితీస్తాయి. దెబ్బ తగిలిన కొన్నేళ్లకు లక్షణాలు బయటపడవచ్చు. కనుక పాత ప్రమాదాన్ని కూడా వైద్యునికి చెప్పాలి.

పరీక్షలు

మూత్రధార వేగాన్ని యంత్రంతో కొలుస్తారు. సెకనుకు 10 మిల్లీలీటర్ల కంటే తక్కువైతే అడ్డంకి ఉందేమోనని పరిశీలిస్తారు. మార్గంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో సంకోచం ఎక్కడుందో, ఎంత పొడవుందో తెలుస్తుంది. చికిత్సను నిర్ణయించడంలో ఈ కొలత కీలకం.

చికిత్స

శరీరంపై కోత లేకుండా, కెమెరా గల సన్నని గొట్టాన్ని మూత్రమార్గం గుండా పంపి, మచ్చను చూస్తూ చిన్న కత్తితోగానీ లేజరుతోగానీ కోస్తారు. జర్మన్ వైద్యుడు హాన్స్ సాక్సే 1970లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. రోగి త్వరగా ఇంటికి వెళ్లవచ్చు; కొద్దిరోజులు మూత్రపు గొట్టం ఉంచుతారు.

అయితే ఇది అందరికీ శాశ్వత పరిష్కారం కాదు. మొదటిసారి వచ్చిన, 2 సెంటీమీటర్లలోపు ఉన్న ఒకే సంకోచానికి ఇది బాగా పనిచేస్తుంది. కోసిన చోట మళ్లీ మచ్చ కట్టవచ్చు. ఒకసారి విఫలమైన తరువాత అదే కోతను పదేపదే చేయించుకుంటే నయమయ్యే అవకాశం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. అప్పుడు యూరెత్రోప్లాస్టీ గురించి అడగాలి. ఇందులో మచ్చను తొలగించి కలుపుతారు, లేదా బుగ్గ లోపలి పొరను అతికి దారిని వెడల్పు చేస్తారు. పొడవైన సంకోచాలకు నాళాన్ని ఒకవైపు నుంచే విడదీసి, రక్తప్రసరణను కాపాడే పద్ధతిని పుణే వైద్యుడు సంజయ్ కులకర్ణి రూపొందించారు.

శస్త్రచికిత్సకు ముందు అడగవలసినవి

1. సంకోచం ఎక్కడుంది, ఎంత పొడవుంది?
2. నా విషయంలో ఇది తిరిగి వచ్చే అవకాశం ఎంత?
3. తిరిగి వస్తే తదుపరి చికిత్స ఏమిటి?

ఊరు మారినా, ఆసుపత్రి మారినా ఎక్స్‌రేలను, డిశ్చార్జి పత్రాన్ని వెంట ఉంచుకోండి. మునుపు ఎన్నిసార్లు కోశారో కొత్త వైద్యునికి తెలియడం అవసరం.

హెచ్చరిక: మూత్రం పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, మూత్ర లక్షణాలతోపాటు చలిజ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.