సెలోపెహాదు కుమార్తెలు అడిగిన స్వాస్థ్యము

బైబిలు పాఠము: సంఖ్యాకాండము 27:1–11, యెహోషువ 17:3–6, లూకా 12:13–21



మన సంఘములో ఒకరు ప్రభువునందు నిద్రించినప్పుడు అందరము కూడి వెళ్లుదుము. అయ్యగారు సమాధి కార్యక్రమము జరిగింతురు. జ్ఞాపకార్థ కూడికయు జరుగును. బంధువులందరు వెళ్లిపోయిన తరువాత ఆ ఇంటిలో ఒక ప్రశ్న మిగిలియుండును. చనిపోయినవారి పేరిటనున్న పొలము, ఇల్లు, బ్యాంకులోని డబ్బు ఎవరికి చెందవలెను? వీలునామా లేనియెడల కొన్ని ఇండ్లలో బలముగలవాడు అంతయు తీసికొనును. మరికొన్ని ఇండ్లలో ఎవరును అడుగనందున ఆస్తి ఏండ్ల తరబడి దిక్కులేక పడియుండును. విశ్వాసులమైన మనము ఆస్తి అడుగవచ్చునా అని సందేహించువారును కలరు. ఈ సంగతిని వాక్యపు వెలుగులో చూతము.

1. అడుగుట పాపము కాదు

సెలోపెహాదు అరణ్యములో మరణించెను. అతనికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు కుమార్తెలు మాత్రమే యుండిరి. వారు తమ గుడారములలో కూర్చుండి సణుగలేదు. మోషే ఎదుటను, యాజకుడైన ఎలియాజరు ఎదుటను, సమాజమంతటి ఎదుటను నిలిచి, తమ తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని అడిగిరి. వారి మాట న్యాయమైనదని దేవుడే తీర్పు చెప్పెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. మోషే మరణించెను. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటిరి. దేశమును పంచుచున్నప్పుడు ఆ స్త్రీలు మరల ఎలియాజరు నొద్దకును యెహోషువ యొద్దకును వచ్చి, దేవుని ఆజ్ఞను జ్ఞాపకము చేసిరి. అప్పుడే వారి భాగము వారికి వచ్చెను. హక్కు కలిగియుండుట ఒకటి, దానిని అడిగి పొందుట మరియొకటి అని దీనివలన నేర్చుకొందము.

2. మన దేశపు చట్టము

భారతీయ క్రైస్తవుడు వీలునామా లేక మరణించినయెడల 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము అతని ఆస్తి పంచబడును. భార్యయు బిడ్డలును ఉన్నయెడల భార్యకు మూడవవంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు చెందును. కుమారులకును కుమార్తెలకును భేదము లేదు.

ఒకడు 3 ఎకరముల సొంత పొలమును, భార్యను, ఇద్దరు కుమారులను, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించెననుకొందము. భార్యకు 1 ఎకరము, నలుగురు బిడ్డలకు తలకొక అర ఎకరము వచ్చును. పెండ్లియై అత్తవారింటికి వెళ్లిన కుమార్తె భాగము పోదు. తండ్రికంటె ముందు మరణించిన కుమారుని పిల్లలు తమ తండ్రి భాగమును పొందుదురు. భార్య మరణించినయెడల భర్తకును ఇదే నియమము.

బిడ్డలు లేనియెడల భార్యకు సగము వచ్చును. తక్కిన సగము మృతుని తండ్రి బ్రతికియున్న అతనికి, లేనిచో తల్లికిని తోబుట్టువులకును సమముగా చెందును. వారసులు ఎవరును లేకపోయినచో ఆస్తి ప్రభుత్వమునకు పోవును. మృతుడు హైందవుడైనయెడల 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వర్తించును. అట్టి సందర్భమున న్యాయవాదిని అడుగుట మేలు.

కేరళ దేశములో తిరువాన్కూరు క్రైస్తవులకు 1916 నాటి వేరొక చట్టముండెను. దానినిబట్టి కుమార్తెకు కుమారుని భాగములో నాలుగవ వంతో, 5,000 రూపాయలో, ఏది తక్కువైన అదియే దక్కెడిది. మేరీ రాయ్ అను ఉపాధ్యాయిని సుప్రీంకోర్టులో నిలిచి అడిగెను. వారికిని 1925 నాటి చట్టమే వర్తించునని 1986లో తీర్పు వచ్చెను. సెలోపెహాదు కుమార్తెలవలె ఆమెయు బహిరంగముగా అడిగెను.

3. దిక్కులేక పడియున్న ఆస్తిని అడుగు విధము

దూరపు పట్టణములో నర్సుగా పనిచేసిన, పెండ్లికాని పెద్దమ్మ ఒకామె మరణించెననుకొందము. ఆమె తలిదండ్రులు లేరు. ఒక తమ్ముడును ఒక చెల్లెలును ఉన్నారు; మరియొక తమ్ముడు చనిపోగా అతని పిల్లలున్నారు. ఆమె డబ్బు మూడు సమభాగములగును. చనిపోయిన తమ్ముని భాగము అతని పిల్లలది. దానిని పొందుటకు ఏమి చేయవలెను?

మొదట మరణ ధ్రువపత్రము కావలెను. మరణమును 21 దినములలో నమోదు చేయించవలెను. సంఘపు సమాధుల రిజిస్టరులో వ్రాసినంతమాత్రమున చాలదు. పిమ్మట వారసులెవరో తెలుపు పత్రమును తహశీల్దారు కార్యాలయములో అడుగవలెను. పొలమైనయెడల పట్టా మార్పిడికి అక్కడనే దరఖాస్తు చేయవలెను. బ్యాంకు డబ్బుకు నామినీ లేనిచో, మొత్తము పెద్దదైనప్పుడు బ్యాంకువారు కోర్టునుండి వారసత్వ ధ్రువపత్రము అడుగవచ్చును. నామినీ ఉన్నను, అతడు డబ్బును వారసుల పక్షముగా తీసికొనువాడే గాని, ఆ పేరునుబట్టియే యజమానుడు కాడు.

పది సంవత్సరములు ఎవరును ముట్టని డిపాజిట్టు రిజర్వు బ్యాంకువారి నిధికి చేరును. 2014 నుండి ఈ ఏర్పాటు ఉన్నది. అయినను వారసుల హక్కు పోదు. ఆ బ్యాంకునే అడిగి పొందవచ్చును. ఏ బ్యాంకులో డబ్బున్నదో తెలియనివారు వెదకుటకు 2023లో రిజర్వు బ్యాంకువారు ఉద్గమ్ అను ఇంటర్నెట్ సదుపాయమును ఏర్పరచిరి. చదువుకొనిన యౌవనస్థులు వృద్ధులకు ఇందులో సహాయపడవలెను. విదేశములో మీ బంధువు కోట్లు విడిచి చనిపోయెను, ముందుగా రుసుము పంపుడి అని ఫోనులో వచ్చు మాటలను నమ్మకుడి.

4. అడుగువాని హృదయము

ఆస్తి పంచుమని తన సహోదరునితో చెప్పవలెనని యేసును వేడుకొనిన మనుష్యుడు కలడు. ప్రభువు పంపకము చేయక, లోభమునుగూర్చి హెచ్చరించి, కొట్లు కట్టదలచిన ధనవంతుని ఉపమానము చెప్పెను. న్యాయము అడుగుటకును, పొరుగువాని భాగము ఆశించుటకును ఎంతో దూరము కలదు. నాబోతు పిత్రార్జితము కొరకు యెజెబెలు తాకీదులు వ్రాయించి అబద్ధ సాక్షులను నిలిపెను.

మన ఊళ్లలో యెజెబెలు తాకీదు వేరొక రూపములో వచ్చుచున్నది. తల్లి కన్నీరు ఆరకముందే తెల్లకాగితముపై ఆమె వ్రేలిముద్ర వేయించుదురు. కట్నమిచ్చి పంపితిమి గదా, ఇంకేమి భాగమని చెల్లెలి నోరు మూయించుదురు. అడిగినయెడల పుట్టింటి గడప తొక్కనియ్యమని బెదిరించుదురు. ఆమె పుట్టింటి ప్రేమ కొరకు సంతకము చేయును. అన్న పొలము పొందును, చెల్లెలిని పోగొట్టుకొనును. అట్టివాడు ఆదివారమున ప్రభువు బల్లయొద్ద ఎట్లు నిలువగలడు? చదివి వినిపింపని కాగితముపై ఎవరును వ్రేలిముద్ర వేయకుందురు గాక. సంఘ పెద్దలు విధవరాలి పక్షమున నిలుతురు గాక.

5. బ్రతికియుండగానే

ఇంటిని చక్కబెట్టుకొనుట ప్రేమకార్యము. వీలునామాపై వ్రాయువాడు సంతకము చేయవలెను, ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆస్తి పొందువానిని గాని అతని భార్యను గాని సాక్షిగా పెట్టకూడదు. పెట్టినయెడల ఆ భాగము చెల్లదు. పెండ్లికి ముందు వ్రాసిన వీలునామా పెండ్లితో రద్దగును గనుక మరల వ్రాయవలెను.

ప్రియులారా, వాడబారని స్వాస్థ్యము పరలోకమందు మన కొరకు భద్రపరచబడియున్నదని పేతురు వ్రాసెను. దానిని పొందు నిరీక్షణగలవారము అర ఎకరము కొరకు తోబుట్టువును దోచుకొనుట తగునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సెలోపెహాదు కుమార్తెలు రెండుసార్లు ఎందుకు అడుగవలసివచ్చెను?
2. మన ఇంటిలో ఎవరి భాగమైనను అడుగబడక, ఇయ్యబడక ఉన్నదా?
3. మన సంఘములోని విధవరాండ్రకు పత్రముల విషయమై సహాయపడువారెవరు?

ప్రార్థన: న్యాయముగల తండ్రీ, మాకు చెందినదానిని ధైర్యముగా అడుగుటకును, మాకు చెందనిదానిని సంతోషముతో విడుచుటకును కృప దయచేయుము. ఆమేన్.