ఆ ఏడుపును ఆపకండి

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. రోజూ రాత్రి ఇద్దరం కలిసి ‘షార్లెట్స్ వెబ్’ చదువుకున్నాం. చివర్లో సాలీడు చనిపోయేసరికి వెక్కివెక్కి ఏడ్చింది. మర్నాడు బడికి వెళ్లేదాకా ముభావంగానే ఉంది. ఇంత చిన్న వయసులో ఇలాంటి పుస్తకాలు ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: నిక్షేపంగా ఇవ్వొచ్చమ్మా. పాప ఒక సాలీడు కోసం ఏడ్చింది. చీపురు పట్టి దులిపేసే ప్రాణి మీద అంత ప్రేమ పుట్టించడం సామాన్యమైన పని కాదు.

ఇ.బి. వైట్ ఈ నవలను 1952లో వెలువరించారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఆయనకు పొలం, పశువులు ఉండేవి. కొట్టంలో ఒక సాలీడు గుడ్ల సంచి అల్లడం చూసి, దాన్ని జాగ్రత్తగా తీసి న్యూయార్క్‌లోని తన పడగ్గదికి పట్టుకెళ్లారు. కొన్నాళ్లకు పిల్లలు బయటికొచ్చి ఆయన దువ్వెనకూ అద్దానికీ మధ్య దారాలు కట్టేశాయి! అంత దగ్గరగా చూసిన మనిషి కనుకనే అబద్ధం రాయలేకపోయారు. ఆ జాతి ఆడసాలీడు గుడ్లు పెట్టాక చలికాలం దాటి బతకదు. ఆ చావు ఆయనకూ తేలిక కాలేదు. తర్వాత తన గొంతుతోనే పుస్తకాన్ని రికార్డు చేస్తున్నప్పుడు, ఆ ఘట్టం దగ్గర దుఃఖం పొంగుకొచ్చి మళ్లీమళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

‘అదంతా ఉత్త కథేలే’ అని మాత్రం అనకండి. ఆఖరి అధ్యాయం పాపతో ఇంకోసారి చదవండి. సంచిలోంచి 514 పిల్లలు వస్తాయి. చాలావరకు గాలికి దారం వదిలి ఎగిరిపోతాయి, మూడు మాత్రం కొట్టంలోనే ఉండిపోతాయి. పెరట్లో గూడు కనబడితే ఇద్దరూ వెళ్లి చూడండి.

‘ది ఇయర్లింగ్’ నవల మాత్రం ఇప్పుడే వద్దు. అందులో జింకపిల్ల పంటంతా మేసేస్తుంటే, ప్రాణంలా పెంచుకున్న కుర్రాడే చివరికి దాని ప్రాణం తీయాల్సి వస్తుంది. పన్నెండేళ్లు నిండనివ్వండి.

ప్రశ్న: జంతువులు మాట్లాడే నవలలు చదివిస్తే పిల్లల సైన్స్ పాడవదా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: మాటలతో పేచీ లేదు మాస్టారూ. ఆ జంతువు ఏం తింటోంది, ఎలా వేటాడుతోంది, దేనికి భయపడుతోంది అన్నవి నిజమో కాదో చూడండి. ‘షార్లెట్స్ వెబ్’లోని సాలీడు షార్లెట్ తన కాలికి ఏడు భాగాలుంటాయని పేర్లతో సహా చెబుతుంది. ఈగల రక్తం తాగుతానన్న సంగతీ దాచుకోదు. పులి బుద్ధిగా గడ్డి మేసే కథల్ని నేనైతే పిల్లల చేతికివ్వను.

ప్రశ్న: ఇక్కడ పుట్టిన మా బాబుకు పదకొండేళ్లు. మన దేశపు నేపథ్యంతో ఇలాంటి నవల ఏదైనా చెబుతారా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ధన్ గోపాల్ ముఖర్జీ రాసిన ‘గే-నెక్’. ఆయనా మీలాగే అమెరికా వెళ్లి స్థిరపడినవారే. 1927లో వచ్చిన ఈ నవల మరుసటి ఏడే పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం గెలిచింది. కలకత్తా కుర్రాడొకడు పెంచుకున్న పావురం కథ ఇది. పేరు చిత్రగ్రీవ. మిత్రలాభంలో వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు పేరు కూడా అదే కదా! ఆ పావురం హిమాలయాలు చూస్తుంది, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో వార్తలు మోస్తుంది, భయంతో ఎగరలేని స్థితిలో తిరిగొస్తుంది. దాన్ని లామాలు ఎలా కోలుకునేలా చేశారన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. భాష కొంచెం పాతకాలపుది. మొదటి రెండు మూడు అధ్యాయాలు మీరే చదివి వినిపించండి, తర్వాత బాబే లాక్కుంటాడు.