పండగ పెట్టె వెనక్కి తిప్పి చూడండి

నవంబరు నెలాఖరు వచ్చేసరికి నా ఫోనుకి క్రిస్మస్ కానుకల ఫొటోలు రావడం మొదలవుతుంది. రిబ్బన్ కట్టిన బుట్ట, బంగారు రంగు డబ్బా, మంచు బొమ్మలున్న పెట్టె. "అక్కా, ఆఫీసులో ఇచ్చారు, మనం తినొచ్చా?" అని ఒకరు. "ఆంటీ, మా ప్రొఫెసర్ గారు భోజనానికి పిలిచారు, ఇది పట్టుకెళ్తే మర్యాదగా ఉంటుందా?" అని ఇంకొకరు. అందరూ పెట్టె ముందువైపే ఫొటో తీస్తారు. వెనకవైపు కూడా పంపమ్మా అంటే, ఆ ఫొటో వచ్చేలోపే సగం తినేసి ఉంటారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌కి చదువుకనో ఉద్యోగానికనో వచ్చే మనవాళ్లు, మేం కొత్తల్లో పడ్డ అవస్థలే ఏటేటా పడుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను. కొనడానికి వెళ్లేముందు ఇంకోసారి చదవండి.

ముందు తేలికైనవి. పచ్చి ఆల్చిప్పలు తినేవాళ్లు బుట్ట మీద అంకె చూడండి, అంకె పెరిగేకొద్దీ చిప్ప చిన్నదవుతుంది. షాంపేన్ కేకుతో పాటు తాగేటట్టయితే 'దెమి సెక్' అని రాసి ఉన్న సీసా తీసుకోండి. 'బ్రూట్' అన్నదాంట్లో లీటరుకి 12 గ్రాముల లోపే చక్కెర, తీపి పక్కన పుల్లగా తగులుతుంది. అంత డబ్బు పెట్టలేకపోతే క్రెమాన్ అనే నురగ వైన్ కొనండి, ఎవరూ తక్కువగా చూడరు.

బుట్టల గురించి మాత్రం కోప్పడాలి. గడ్డి పరిచి, మధ్యలో చిన్న చిన్న సీసాలు నిలబెట్టి, పైన పారదర్శక కాగితం చుట్టిన కానుక బుట్టలు పండగ నెలంతా సూపర్ మార్కెట్ గుమ్మంలోనే ఉంటాయి. వాటిలో సగం ధర అట్టకీ గడ్డికీ. ఈ దేశంలో దుకాణాల వాళ్లు కిలో ధర కూడా అరమీద రాసి పెట్టాలి. అదే చిన్న అక్షరాల్లో కింద ఉంటుంది. బుట్టలోని జామ్ సీసా లాంటిదే పక్క అరలో విడిగా ఎంతకి వస్తుందో ఆ కిలో ధర చూసి పోల్చండి. అమ్మా నాన్నలు పొలం తాకట్టు పెట్టి పంపిన డబ్బు అది, గడ్డికి పోయకండి.

ఫువా గ్రా గురించి అందరూ అడుగుతారు. అది బాతుకో పెద్దబాతుకో గొంతులో గొట్టం పెట్టి బలవంతంగా మేత ఎక్కించి కొవ్వు పట్టించిన కాలేయం. ముందు ఇది తెలుసుకోండి, తర్వాత మీ ఇష్టం. ఫ్రెంచి వాళ్లు దాన్ని తమ వారసత్వంగా 2006లో చట్టంలోనే రాసుకున్నారు. కాబట్టి వాళ్ల బల్ల దగ్గర కూర్చుని వాదనకి దిగకండి, వద్దని మెల్లగా చెబితే చాలు. ఫ్రెంచి స్నేహితులకి కానుకగా ఇవ్వాలనుకుంటే 'అంతియే' అన్న మాట చూసి కొనండి, అది విడదీయని కాలేయం ముక్క. 'బ్లాక్' అని ఉంటే నలిపి మళ్లీ అచ్చు పోసింది. మన ఊరికి మాత్రం పట్టుకెళ్లకండి. భారతదేశం 2014లోనే దాని దిగుమతిని నిషేధించింది. మొన్నీమధ్య ఒక కుర్రాడు మూడు డబ్బాలు సూట్‌కేసులో సర్దుకుని, విమానానికి ముందురోజు రాత్రి నాకు ఫోన్ చేశాడు. తీయించాను.

ఇప్పుడు అసలు సంగతి. మాంసం ముట్టనివాళ్లు ఇక్కడి నుంచి ఒక్క ముక్క కూడా వదలకండి.

"కేకులో గుడ్డు పర్వాలేదు, మాంసం మాత్రం వద్దు" అనే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. పూర్తి నియమంలో ఉన్నవాళ్లు అసలు కేకు జోలికే పోరు, వాళ్లకి బాధ లేదు. ఇక్కడ దెబ్బ తినేది ఈ మధ్యరకం వాళ్లే. క్రిస్మస్ విందు బూష్ ద నోయెల్‌తో ముగుస్తుంది. ఒకప్పుడు పండగ రాత్రి పొయ్యిలో పెట్టే పెద్ద దుంగకి గుర్తుగా దుంగ ఆకారంలో చేసే కేకు. పాత పద్ధతిలో అయితే పల్చటి కేకు మీద వెన్న క్రీము రాసి, చుట్ట చుట్టి, చెట్టు బెరడులా కనపడేటట్టు పైన ఫోర్కుతో గీతలు గీస్తారు. దానికి గుడ్డు, వెన్న, చక్కెర, పిండి చాలు. కానీ ఇప్పుడు పెద్ద పెద్ద షాపుల అద్దాల వెనక కనిపించేవి వేరు. పండ్ల గుజ్జుతో చేసిన మూస్‌ని అచ్చులో పోసి గడ్డకట్టించి, పైన మన ముఖం కనపడేంత నిగనిగలాడే పూత పోస్తారు. ఆ మూస్ కుప్పకూలకుండా నిలబెట్టేదీ, ఆ పూతకి మెరుపు తెచ్చేదీ చాలాచోట్ల జెలటినే. జెలటిన్ అంటే పంది చర్మం నుంచో, పశువుల ఎముకలు, తోళ్ల నుంచో తీసేది.

మా పెద్దాడపడుచు ధనుర్మాసంలో మా దగ్గరకొచ్చింది. పుట్టింటి నుంచీ శాకాహారి, కేకు మాత్రం తింటుంది. పండగ చూపిద్దామని ఇంటి దగ్గరి పేరున్న షాపులో కోరిందపండ్ల బూష్ చెప్పించాను. ఎర్రగా, అద్దంలా మెరుస్తూ, పైన వెండి రేకు. మాంసం, చేప ఏమైనా ఉన్నాయా అని కౌంటర్లో అమ్మాయిని రెండుసార్లు అడిగాను. "లేదు మదామ్, అన్నీ పళ్లే" అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో మాంసం అంటే పళ్లెంలో కనపడే ముక్క. వదిన రెండు ముక్కలు తిని, చాలా బాగుందమ్మాయ్ అని మెచ్చుకుంది. ఆ సాయంత్రం పక్కింటావిడ కూడా మాతో కూర్చుంది. ఇంట్లో తనే కేకులు చేస్తుంది. ఆ పూత అంత బాగా ఎలా వస్తుందని నేనే అడిగాను. జెలటిన్ రేకులు చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, వేడి పాకంలో కలపాలని ఆవిడ ఉత్సాహంగా చెప్పింది. దేనితో చేస్తారని అడిగితే, మామూలుగా పందితో అంది. వదినకి ఫ్రెంచి రాదు, కానీ నా ముఖం చూసింది. "ఏమిటే అది?" అంది. చెప్పక తప్పలేదు. స్పూను కింద పెట్టి లేచి లోపలికి వెళ్లింది. మర్నాడంతా ఉపవాసం ఉంది. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అనుంటే నాకే కాస్త తేలిగ్గా ఉండేది. ఆ సంవత్సరం ముక్కోటికి ఆమె గుడికి వెళ్తానని అడగలేదు.

అందుకే గొంతు చించుకుని చెబుతున్నాను. "మాంసం ఉందా" అని అడగకండి. "ఎస్కిల్యా ద లా జెలతీన్?" అని అడగండి. జెలటిన్ ఉందా అని పేరుపెట్టి అడగండి. ఉందంటే పందిదా, పశువులదా, చేపదా అని మళ్లీ అడగండి. వెనక వరసలో పదిమంది నిలబడ్డారని మొహమాటపడకండి. వాళ్లకి అది కేకు, మీకు జన్మంతా నిలుపుకున్న నియమం.

ఇంకో విషయం చాలామందికి తెలీదు. షాపులో కేకు పక్కన చిన్న చీటీ ఉంటుంది, గుడ్డు, పాలు, గోధుమ, బాదం అంటూ. అది చూసి మనవాళ్లు అన్నీ రాశారనుకుంటారు. విడిగా అమ్మే తిండికి యూరప్ చట్టం తప్పనిసరిగా చెప్పమన్నది 14 అలర్జీ పదార్థాల గురించి మాత్రమే. పంది జెలటిన్ ఆ జాబితాలో లేదు. రమ్ము లేదు. కాబట్టి ఆ చీటీలో లేనంత మాత్రాన కేకులో లేనట్టు కాదు. డబ్బాలో ప్యాక్ చేసి అమ్మేవాటి మీద మాత్రం పదార్థాలన్నీ, ఎక్కువ బరువున్నది మొదలు వరసగా రాయాలి. ఈ ఒక్క కారణంగా, నియమమున్నవాళ్లకి ఖరీదైన షాపు కేకు కన్నా గడ్డకట్టిన సరుకు అమ్మే దుకాణంలో అట్టపెట్టె బూష్ నయం. పెట్టె తిప్పి చదువుకోవచ్చు. 'పెక్టిన్', 'అగర్ అగర్' అని ఉంటే నిశ్చింత, అవి పళ్ల నుంచీ సముద్రపు నాచు నుంచీ వచ్చేవి. 'జెలతీన్' అన్న మాట కనపడితే పెట్టె తిరిగి అరలో పెట్టేయండి. పిల్లలకి ఇచ్చే చాక్లెట్ పూసిన మెత్తటి ఎలుగుబంటి బొమ్మల్లో కూడా అదే ఉంటుంది. మళ్లీ చెబుతున్నాను, పిల్లల ఎలుగుబంటి బొమ్మల్లో కూడా.

మన ఊళ్లో ధనుర్మాసమంటే తెల్లవారుజామున రామాలయం నుంచి తిరుప్పావై వినపడేది. పూజారి గారు విస్తరాకు ముక్కలో వేడి వేడి చక్కెర పొంగలి పెట్టేవారు. అందులో ఏముందని ఎవరూ అడిగేవారు కాదు. పెసరపప్పు ఎవరి చేలో పండిందో, నెయ్యి ఎవరింటి నుంచి వచ్చిందో కూడా తెలిసేది. ఇక్కడికొచ్చాక ప్రతి తియ్యటి వస్తువునీ వెనక్కి తిప్పి చదవడం అలవాటైపోయింది. అలవాటైంది గానీ, కళ్లు మూసుకుని చెయ్యి చాపి ప్రసాదం తీసుకున్న ఆ ధైర్యం మాత్రం మళ్లీ దొరకలేదు. అయినా ఇక్కడా ఒక రాత్రి మన ఊరు గుర్తొస్తుంది. లియోన్‌లో డిసెంబరు 8న జనం కిటికీ అంచుల మీద గాజు గ్లాసుల్లో దీపాలు పెడతారు. 1852 నుంచి వస్తున్న ఆచారం. ఆ రాత్రి వీధిలో నడుస్తుంటే కార్తీక పౌర్ణమే అనిపిస్తుంది. మీరూ ఓ నాలుగు దీపాలు పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు, సంతోషిస్తారు.

ఇంతకీ ఏం తినొచ్చు? చాలా ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం మారోన్ గ్లాసే. పెద్ద చెస్ట్‌నట్ గింజల తొక్కలన్నీ వలిచి, విరగకుండా రోజుల తరబడి వెనిలా పాకంలో మెల్లగా ఊరనిచ్చి, పైన పల్చటి చక్కెర పూత పూస్తారు. ఒక్కోదాన్నీ విడివిడిగా బంగారు రేకులో చుడతారు. పూత పళ్ల కింద పలుకుగా విరుగుతుంది, లోపల పాలకోవా కన్నా మెత్తన. ఆర్దెష్ ప్రాంతం వీటికి పేరు, అక్కడి ప్రివా పట్నంలో 1882 నుంచీ తయారుచేస్తున్నారు. ఖరీదెక్కువే. అందుకే 'బ్రిజూర్' అని విరిగిన ముక్కలు అమ్ముతారు, అవి కొనండి. పాల పాయసంలో దించేముందు వేసి చూడండి. ఎక్కువ రోజులు దాస్తే పంచదార గట్టిపడిపోతుంది, పండగలోపే తినేయండి.

పాత్ ద ఫ్రూయి అనే పళ్ల గుజ్జు బిళ్లలు సాధారణంగా పెక్టిన్‌తోనే చేస్తారు. నారింజ తొక్కలని పాకంలో ఊరబెట్టి చాక్లెట్‌లో ముంచిన ఒరాంజెత్‌లు, బాదం, హేజెల్‌నట్, అంజూర, ఎండుద్రాక్ష అతికించిన మాందియాన్ చాక్లెట్ బిళ్లలు, ఆకులతో సహా వచ్చే కోర్సికా కమలాలు, ఇవన్నీ గుడ్డు కూడా తినని వాళ్లకి పనికొచ్చేవే. ప్రొవాన్స్ వైపు క్రిస్మస్ రాత్రి 13 రకాల తీపి పెడతారు, ఏసుకీ ఆయన 12 మంది శిష్యులకీ గుర్తుగా. అందులో ఆలివ్ నూనె, నారింజ పూల నీళ్లు పోసి చేసే పోంప్ అనే రొట్టె ఉంటుంది. పాత పద్ధతిలో అందులో వెన్నా గుడ్డూ పడవు. కాలిసోన్, తెల్ల నూగా మిఠాయిలు మాత్రం చూసుకోండి, రెంటిలోనూ గుడ్డు తెల్లసొన ఉంటుంది.

లియోన్ వాళ్ల పాపియోత్ చాక్లెట్లు చూడటానికి మన పెళ్లిళ్లలో పంచే చాక్లెట్ల లాగే తళతళలాడే కాగితంలో ఉంటాయి, లోపల ఒక చీటీ మీద సూక్తి. చాలావాటిలో ఏ గొడవా లేదు, కొన్నిటిలో మద్యం ఉంటుంది. కిర్ష్, రమ్, మార్ అన్న మాటలు పెట్టె మీద కనపడితే పిల్లలకి పెట్టకండి. ఈ ఊరి గులాబీ రంగు ప్రలీన్లకి, అంటే చక్కెర పూత బాదం గింజలకి, ఆ రంగు ఒక్కోసారి కోషినీల్ పురుగుల నుంచి వస్తుంది, దాని గుర్తు ఇ120. ఇంకొకటి, కార్దోన్ గ్రాతాన్. చూస్తే కూరగాయ కాడలు, పైన తెల్లటి సాసు, ఇంతకన్నా శాకాహారం ఏముంటుందనిపిస్తుంది. లియోన్ పద్ధతిలో దాంట్లో ఎద్దు ఎముకల మూలుగ వేస్తారు. అందుకే ఎవరైనా భోజనానికి పిలిస్తే, వెళ్లాక పళ్లెం ముందు కూర్చుని చెప్పకండి. వారం ముందే చెప్పండి, వాళ్లు ఎంతో శ్రద్ధగా వేరే వండిపెడతారు.

కడుపుతో ఉన్న అమ్మాయిలూ, మీ డాక్టరు చెప్పే ఉంటారు: పచ్చిపాల చీజ్, పొగబెట్టిన సాల్మన్, పచ్చి ఆల్చిప్పలు, సగం ఉడికించిన ఫువా గ్రా వద్దు. 'లే క్రూ' అని రాసుంటే పచ్చిపాలు అని అర్థం. నియమం గట్టిగా పాటించేవాళ్లు చీజ్ మీద 'ప్రెజూర్' అన్న మాట కూడా చూడాలి. పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ కొంతే లాంటి చాలా సంప్రదాయ చీజ్‌ల్లో వాడతారు.

ఊరికి పట్టుకెళ్లడానికి క్రెమ్ ద మారోన్ అనే చెస్ట్‌నట్ గుజ్జు డబ్బాలు బాగుంటాయి, కానీ అది ముద్దలా ఉంటుంది కాబట్టి విమానాశ్రయంలో ద్రవం లెక్కలోకి వస్తుంది. చెక్-ఇన్ సామానులో పెట్టండి.

జనవరి 6కి గాలెత్ దె రువా వస్తుంది, బాదం క్రీము నింపిన పొరల రొట్టె. 'ప్యూర్ బెర్' అంటే అంతా వెన్నతోనే చేసింది, అదే కొనండి. గుడ్డు ఉంటుంది, రమ్ము ఉందేమో అడగండి. లోపల ఎక్కడో చిన్న పింగాణీ బొమ్మ దాచి కాలుస్తారు, అది వచ్చినవాళ్లకి కిరీటం. కొత్తగా వచ్చినవాళ్లకి ఇది ఎవరూ ముందు చెప్పరు. ముక్క పిల్లల చేతికిచ్చేముందు మీరే వేళ్లతో నొక్కి చూడండి, మీరు కొరికేటప్పుడు కూడా మెల్లగా కొరకండి. ఇక్కడ పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికేసరికి సంక్రాంతి వెళ్లిపోతుంది.